కాటా లెక్కల యాప్‌కు రియాక్టా, వ్యూనా, జేక్వెరీ చాలునా?

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల కోసం కాటా నమోదు, రైతుల లెక్కలు, రోజువారీ ధరల నివేదికలు చూపే యాప్‌ను విజయవాడలో ముగ్గురు కలిసి తయారు చేస్తున్నామని మీరు రాశారు. సర్వర్ వైపు లారావెల్ (పీహెచ్‌పీ భాషలో సైట్లు కట్టే చట్రం) ఇప్పటికే నడుస్తోందని, ముగ్గురిలో ఒకరు చాలాకాలంగా పీహెచ్‌పీ, జేక్వెరీ రాస్తున్నవారని, మిగిలిన ఇద్దరు ఇటీవలే ఇంజనీరింగ్ ముగించి రియాక్ట్ నేర్చుకుని వచ్చారని కూడా చెప్పారు. స్క్రీన్ల కోసం రియాక్ట్, వ్యూ, స్వెల్ట్, జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలలో (ముందే రాసి ఉంచిన కోడ్‌లలో) ఏది మంచిదన్నది మీ ప్రశ్న. చార్టులు, తేదీలు, పీడీఎఫ్ బిల్లులకు ఏవి వాడాలో కూడా చివర్లో ఒక్క వాక్యంలో అడిగారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కాటా నమోదు చేసే స్క్రీన్ వరకు వ్యూ 3 తీసుకోండి. మిగిలిన పేజీలన్నీ లారావెల్ పంపే మామూలు హెచ్‌టీఎంఎల్‌గానే ఉంచండి. అయితే రియాక్ట్, వ్యూ, స్వెల్ట్‌లలో మీరు ఏది ఎంచుకున్నా, జాగ్రత్తగా రాస్తే యాప్ నిలబడుతుంది. సీజన్ మధ్యలో మిమ్మల్ని నిజంగా ఇరుకున పెట్టేవి మీరు చివరి వాక్యంలో అడిగిన చిన్న లైబ్రరీలే, ముఖ్యంగా అవి తెలుగు అక్షరాలను తాకే చోట. పెద్ద లైబ్రరీ గురించి అందరూ వారాల తరబడి వాదించుకుంటారు, చిన్నవాటిని మాత్రం వెతుకులాటలో మొదట కనిపించినదాన్ని పట్టుకొచ్చి పెట్టేస్తారు. మీరు ఆ పని చేయకూడదన్నదే నా కోరిక.

మొదట కాటా స్క్రీన్‌ను దగ్గరగా చూద్దాం. ఒక లాట్‌లో అరవై టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయనుకోండి. గుమస్తా ఒక్కొక్క టిక్కీ బరువు ఎక్కిస్తూ పోతాడు. అంతా అయ్యాక ముప్పై ఎనిమిదో టిక్కీ బరువు తప్పు పడిందని రైతు చూపిస్తాడు. ఆ ఒక్క అంకె దిద్దగానే మొత్తం బరువు మారాలి, సంచి బరువు పోగా మిగిలే నికర బరువు మారాలి, క్వింటాలు ధర కట్టిన విలువ మారాలి, దాని మీద కమీషన్ మారాలి, హమాలీ వగైరా ఖర్చులు పోను రైతు చేతికి వచ్చే సొమ్ము మారాలి, ఆ రోజు కొట్టు మొత్తం లావాదేవీ చూపే పైవరుస కూడా మారాలి. జేక్వెరీతో రాస్తే ఈ మార్పుల్లో ప్రతి ఒక్కటీ మనమే చేతితో చెప్పాలి. అది కూడా బరువు దిద్దినప్పుడు ఒకసారి, టిక్కీ తీసేసినప్పుడు ఒకసారి, ధర మార్చినప్పుడు ఒకసారి, సంచి బరువు మార్చినప్పుడు మరోసారి. వీటిలో ఒక్కటి మరిచినా స్క్రీన్ మీద పైఅంకెకూ కిందిఅంకెకూ పొంతన ఉండదు, రైతు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు అలాంటి తేడా వస్తే ఆ యాప్‌ను ఆ కొట్టులో మళ్ళీ ఎవరూ నమ్మరు. రియాక్ట్, వ్యూ, స్వెల్ట్ మూడూ ఈ భారాన్ని తీసేస్తాయి. మన దగ్గరున్న వివరాలను బట్టి స్క్రీన్ ఎలా ఉండాలో ఒకసారి రాసి పెడితే, వివరం మారినప్పుడల్లా ఎక్కడెక్కడ దిద్దాలో అవే చూసుకుంటాయి. ఈ స్క్రీన్‌కు జేక్వెరీ చాలదని నేను అనడానికి కారణం ఇదే గాని, అది పాతబడిందని కాదు.

పాతబడిందన్న మాట ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీని విడుదల చేసేనాటికి ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరున ప్రవర్తించేది. ఆ తేడాలన్నింటినీ కప్పిపుచ్చడమే దాని ప్రధాన ఉపయోగం. ప్రోటోటైప్, మూటూల్స్, డోజో, యాహూ వారి వైయూఐ లైబ్రరీ అప్పట్లో దానికి పోటీ. తరవాతి కాలంలో బ్రౌజర్లే ఆ సదుపాయాలను తమలోకి తెచ్చుకున్నాయి. పేజీలో భాగాలను వెతికే క్వెరీ సెలెక్టర్, సర్వర్ నుంచి వివరాలు తెచ్చే ఫెచ్ వంటివి అలా వచ్చినవే. అందువల్ల మీ ధరల నివేదిక పేజీలో ఒక తేదీ గడి, ఒక బటన్, ఒక పట్టిక మాత్రమే ఉంటే దానికి జేక్వెరీ కూడా అక్కరలేదు, వ్యూ అసలే అక్కరలేదు. ఏ లైబ్రరీ వాడాలని అడిగే ముందు, ఈ పేజీకి లైబ్రరీ అవసరమా అని అడగడం నేర్చుకుంటే సగం ఎంపికలు అక్కడే తేలిపోతాయి.

ఇక రియాక్ట్, వ్యూ, స్వెల్ట్‌ల మధ్య. వేగం పోటీల పట్టికలు చూసి ఎంచుకోవద్దు. అరవై వరుసల పట్టికలో ఈ మూడింటి మధ్య తేడా గుమస్తా కంటికి కనబడదు. నేను ముందుగా చూసేది ఒక్కటే: ఈ లైబ్రరీ తనలో పెద్ద మార్పు చేసుకున్నప్పుడు, పాత కోడ్ రాసుకున్నవారిని ఎలా చూసింది? గూగుల్ వారి యాంగ్యులర్‌జేఎస్ అనే ఇలాంటి లైబ్రరీ 2010లో వచ్చింది. 2016లో వచ్చిన రెండో వెర్షన్‌ను పూర్తిగా కొత్తగా రాశారు, పాత కోడ్ అందులో నడవదు. పాతదానికి మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది. విజయవాడలో ఆ లైబ్రరీతో కట్టిన బిల్లింగ్ యాప్‌లు ఇంకా నడుపుతున్న కొట్లను నేను చూశాను. అవి పని చేస్తూనే ఉన్నాయి, కానీ వాటిలో ఒక చిన్న మార్పు చేయించుకోవాలంటే మనిషి దొరకడు. వ్యూ విషయానికొస్తే, మూడో వెర్షన్ 2020 సెప్టెంబరులో వచ్చింది, రెండో వెర్షన్‌కు మద్దతు 2023 డిసెంబరు 31న ఆగింది. ఆ మధ్యకాలంలో బాధ పెట్టింది వ్యూ కాదు, దాని మీద ఆధారపడ్డ కాంపోనెంట్ లైబ్రరీలు (బటన్లు, గడులు వంటి స్క్రీన్ ముక్కలను సిద్ధంగా ఇచ్చేవి). వ్యూటిఫై వంటి పేరున్న లైబ్రరీ వ్యూ 3కి సిద్ధమయ్యేసరికి 2022 చివరికొచ్చింది. అంతవరకు దాన్ని నమ్ముకున్నవారు ముందుకు వెళ్ళలేక వెనక్కి రాలేక ఉండిపోయారు. స్వెల్ట్ కూడా 2024 అక్టోబరులో వచ్చిన అయిదో వెర్షన్‌లో రాసే పద్ధతినే చాలావరకు మార్చింది, పాత పద్ధతి నడవడానికి వెసులుబాటు ఉంచింది.

ఈ ఒక్క కొలమానంతో చూస్తే రియాక్ట్‌దే మంచి చరిత్ర అని ఒప్పుకోవాలి. 2013లో ఫేస్‌బుక్ దాన్ని బయటపెట్టింది. 2019 ఫిబ్రవరిలో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చి రాసే తీరంతా మారిపోయినా, అంతకు ముందు క్లాసులతో రాసిన కాంపోనెంట్లు నేటికీ నడుస్తున్నాయి. దాని చుట్టూ ఉన్న పనిముట్లు మాత్రం అంత నిలకడగా లేవు. ఎన్నో శిక్షణ సంస్థలు మొదటి పాఠంగా చెప్పే, కొత్త ప్రాజెక్టును మొదలుపెట్టి ఇచ్చే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టును 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే పక్కన పెట్టింది. మీ ఇద్దరు కుర్రాళ్ళు నేర్చుకున్నది దానితోనే అయితే, కొత్త ప్రాజెక్టును వీట్ వంటి పనిముట్టుతో మొదలుపెట్టించండి.

మరి నేను వ్యూ ఎందుకు చెబుతున్నాను? మీ ముగ్గురిలో యార్డు లెక్క తెలిసినవారు ఆ జేక్వెరీ రాసే పెద్దాయనే అని మీ వివరాలను బట్టి అర్థమవుతోంది. ఏ రకానికి సంచి బరువు ఎంత తీస్తారో, ఏ ఖర్చు రైతు మీద పడుతుందో, ఏది కొనుగోలుదారు మీద పడుతుందో ఆయనకు తెలుసు. కాటా స్క్రీన్ కోడ్‌ను ఆయన చదివి, ఇది తప్పు అని చెప్పగలగాలి. వ్యూ టెంప్లేటు (స్క్రీన్ రూపం రాసే భాగం) మామూలు హెచ్‌టీఎంఎల్‌లాగే కనిపిస్తుంది కాబట్టి, ఏళ్ల తరబడి హెచ్‌టీఎంఎల్ రాసిన మనిషి దాన్ని మొదటి రోజే చదవగలడు. ఇప్పటికే ఉన్న లారావెల్ పేజీలో ఒక్క భాగానికే దాన్ని తగిలించడం కూడా తేలిక. రియాక్ట్‌లో హెచ్‌టీఎంఎల్‌ను జావాస్క్రిప్ట్ లోపలే రాస్తారు. అలవాటైనవారికి అది హాయిగా ఉంటుంది, అలవాటు లేని అనుభవజ్ఞుడిని మాత్రం తన సొంత ప్రాజెక్టులోనే అతిథిని చేస్తుంది. రియాక్ట్ తెలిసిన ఇద్దరికీ వ్యూ నేర్చుకోవడం పెద్ద పని కాదు, ఎందుకంటే మూల ఆలోచన ఒకటే.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. రేపు ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, వారి స్థానంలో రియాక్ట్ తెలిసినవారిని వెతకడం ఇక్కడ సులభం. పైగా ఆండ్రాయిడ్ యాప్‌ను రియాక్ట్ నేటివ్‌లో (రియాక్ట్ పద్ధతిలోనే ఫోన్ యాప్‌లు రాసే పనిముట్టులో) చేయాలన్న ఆలోచన మీకు ఇప్పటికే ఉంటే, రెండుచోట్లా ఒకే పద్ధతి ఉండటం పెద్ద లాభం. ఆ ఆలోచన గట్టిగా ఉంటే నా సలహాను పక్కన పెట్టి రియాక్ట్‌కే వెళ్ళండి. స్వెల్ట్ నాకు ఇష్టమైన లైబ్రరీ. దానితో రాసిన కోడ్ పొదుపుగా, శుభ్రంగా ఉంటుంది. అయినా ముగ్గురే ఉన్న బృందానికి, ఇంకా మనుషులను తీసుకోవాల్సిన ఊళ్ళో, దాన్ని సిఫారసు చేయలేను. యాంగ్యులర్ (పైన చెప్పిన యాంగ్యులర్‌జేఎస్ కొత్త రూపం) మీరు అడగలేదు, అడగనక్కరలేదు. అది పెద్ద బృందాలకు, పెద్ద సంస్థలకు సరిపోయేది.

నిర్ణయం ఖరారు చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి. లాగిన్ పేజీతోనో, చేయవలసిన పనుల జాబితాతోనో కాదు, అన్నిటికంటే కష్టమైన కాటా స్క్రీన్‌నే వ్యూతో ఒకసారి, రియాక్ట్‌తో ఒకసారి, రెండేసి రోజుల్లో తయారు చేయండి. రెండింటినీ గుమస్తా చేతిలో నిజంగా ఉండే ఫోన్‌లో, యార్డు షెడ్డులో, జనం కిక్కిరిసి సిగ్నల్ తడబడే ఉదయం పూట తెరిచి చూడండి. ఆఫీసులోని ల్యాప్‌టాప్ మీద అన్నీ బాగానే ఉంటాయి. అంత దూరం వెళ్ళలేని రోజున క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో ప్రాసెసర్ వేగాన్నీ నెట్ వేగాన్నీ తగ్గించి చూసుకోవచ్చు. కుదించి పంపినప్పుడు జేక్వెరీ సుమారు 30 కేబీ, రియాక్ట్ దాని డామ్ (పేజీని తెర మీద చూపే) భాగంతో కలిపి 40 కేబీకి పైన ఉంటాయి, వ్యూ వాటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఈ తేడా కోసం తల బద్దలు కొట్టుకోవద్దు, ఒక్క చార్టు లైబ్రరీనో, ఒక పెద్ద ఫొటోనో చేర్చగానే అది మరుగున పడిపోతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడుతోందా, నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందిస్తోందా అన్నవి గూగుల్ చెప్పే కొలతలు, వాటినే పట్టుకోండి.

ఆ పరీక్షలో తెలుగు టైపింగ్‌ను తప్పకుండా చేర్చండి. రైతు పేరు వెతికే గడిలో గుమస్తా ఆండ్రాయిడ్ ఫోన్ కీబోర్డుతో పేరు కొడుతుంటే, పదం పూర్తయ్యేదాకా ఆ అక్షరాలు ఇంకా కూర్పులో (పూర్తికాకుండా) ఉన్నట్టుగా బ్రౌజర్ భావించవచ్చు. వ్యూలో గడిని వివరంతో ముడిపెట్టే వీ-మోడల్ అనే సదుపాయం కూర్పు ముగిసేదాకా విలువను మార్చదు. ఫలితంగా 'నాగేశ్వ' వరకు కొట్టినా కింద ఒక్క పేరూ రాదు, ఖాళీ నొక్కగానే అన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఇది లోపం కాదు, వ్యూ పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. ఆ ఒక్క గడికి వీ-మోడల్ బదులు ఇన్‌పుట్ ఈవెంట్‌ను (అక్షరం పడగానే బ్రౌజర్ ఇచ్చే సంకేతాన్ని) నేరుగా వింటే సరిపోతుంది. రియాక్ట్‌లో చిక్కు మరోలా వస్తుంది. ప్రతి నొక్కుకూ విలువను దిద్ది గడిలో తిరిగి పెట్టే కోడ్ రాస్తే, కూర్పు మధ్యలో తెగి అక్షరాలు రెట్టింపు కావడమో, మాయమవడమో జరుగుతుంది.

ఇప్పుడు పీడీఎఫ్. రైతుకిచ్చే లెక్క చీటీ తెలుగులో ఉండాలని మీరు రాశారు, చాలా మంచి నిర్ణయం. బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ తయారు చేయడానికి జేఎస్‌పీడీఎఫ్ అందరికీ తెలిసిన లైబ్రరీ, ఇంగ్లిషు బిల్లుకు బాగానే పనిచేస్తుంది. తెలుగు ఫాంటు అందులో పొదిగి 'మిర్చి' అని రాయించి చూడండి. ర కింద చ ఒత్తు పడదు, పొల్లు పెట్టిన ర పక్కన చి విడిగా నిలబడుతుంది. ఎందుకంటే తెలుగులో ఒత్తులు, గుణింతాలు కలిసి ఒక ఆకారంగా మారడానికి ఫాంటులో కొన్ని నియమాలుంటాయి. వాటిని చదివి అక్షరాన్ని కూర్చే పని బ్రౌజర్ చేస్తుంది గాని, ఆ లైబ్రరీ చేయదు. అది ఒక్కో యూనికోడ్ గుర్తుకు ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది. 'మిర్చి' అనే మాటలో యూనికోడ్ గుర్తులు ఆరు: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. కంటికి కనబడే అక్షరాలు రెండే. ఈ తేడా తెలియని లైబ్రరీ ఏదైనా తెలుగు దగ్గర చేతులెత్తేస్తుంది.

స్క్రీన్‌ను ఫొటోగా మార్చి పీడీఎఫ్‌లో అతికించే దారి కొందరు చూపిస్తారు. అక్షరాలు సరిగానే వస్తాయి, కానీ ఫైలు బరువెక్కుతుంది, చిన్న ప్రింటర్ మీద అంకెలు అలుక్కుపోతాయి. అంకెలే ప్రాణమైన చీటీకి అది పనికిరాదు. నేను సూచించేది రెండే దారులు. ఒకటి, చీటీని మామూలు పేజీగా దిద్ది బ్రౌజర్ ప్రింట్ ద్వారానే తీయడం. దీనికి ఏ లైబ్రరీ వద్దు. రెండు, వాట్సాప్‌లో పంపడానికి ఫైలే కావాలంటే, సర్వర్‌లో పపెటీర్ అనే లైబ్రరీ ద్వారా క్రోమ్‌ను నడిపి అదే పేజీని పీడీఎఫ్ చేయడం. లేదా పీహెచ్‌పీలోనే ఉండాలనుకుంటే ఎంపీడీఎఫ్ అనే లైబ్రరీ తీసుకోవడం. ఎంపీడీఎఫ్ తెలుగు వంటి లిపుల కూర్పును అర్థం చేసుకుంటుంది, అయితే ఆ అమరికను ఫాంటు సెట్టింగుల్లో ప్రత్యేకంగా చేయాలి.

పట్టికల లైబ్రరీలలోనూ లిపి సమస్యే. వేల వరుసలను వేగంగా చూపడానికి కొన్ని లైబ్రరీలు ప్రతి వరుసకూ ఒకే ఎత్తు ఖాయం చేస్తాయి, ఆ ఎత్తు ఇంగ్లిషు అక్షరానికి సరిపడేలా ఉంటుంది. రైతు చిరునామాలో 'లక్ష్మీపురం' వచ్చినప్పుడు క్ష కింది మ ఒత్తు సగం కోసుకుపోతుంది. కొనే ముందు, లేక వాడటం మొదలుపెట్టే ముందు, ఇటువంటి పదాలు నాలుగు పెట్టి చూడండి. అలాగే పొడవైన పేరును పది గుర్తుల దగ్గర కోసి చుక్కలు పెట్టే కోడ్ తెలుగు అక్షరాన్ని మధ్యలో నరుకుతుంది. ఆ పనిని సీఎస్‌ఎస్‌కు (పేజీ రూపం దిద్దే భాషకు) వదిలేయండి, తప్పనిసరైతే బ్రౌజర్‌లోని, అక్షరాల హద్దులు తెలిసిన ఇంటల్ సెగ్మెంటర్ వాడండి.

చార్టులకు మీ అవసరం చిన్నది: తేజ, 334, బాడిగ రకాలకు నెల రోజుల ధర గీత. చార్ట్.జేఎస్ సరిపోతుంది. డీ3 గొప్ప పనిముట్టు, కానీ అది చార్టు ఇవ్వదు, చార్టు గీసుకునే సామగ్రి ఇస్తుంది. మూడు గీతల కోసం దాన్ని నేర్చుకోవడం మీ సమయానికి తగదు. చార్ట్.జేఎస్ కాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మ గీసే పలక) మీద బొమ్మ గీస్తుంది కాబట్టి ఒక జాగ్రత్త ఉంది. మీ తెలుగు వెబ్ ఫాంటు దిగకముందే చార్టు గీసేస్తే, అది వేరే ఫాంటులో గీసి అలాగే ఉండిపోతుంది. ఫాంట్లు సిద్ధమయ్యాయని బ్రౌజర్ చెప్పాకే గీయించండి.

తేదీలకు మొమెంట్ అనే లైబ్రరీ వాడవద్దు. 2020 సెప్టెంబరులో దాని నిర్వాహకులే కొత్త ప్రాజెక్టులకు దాన్ని తీసుకోవద్దని ప్రకటించి, లక్సాన్, డే.జేఎస్, డేట్-ఎఫ్ఎన్ఎస్ వంటివాటిని సూచించారు. తమ లైబ్రరీని నమ్మినవారికి అంత నిజాయితీగా దారి చూపిన నిర్వాహకులు అరుదు. మీకు అవి కూడా అక్కరలేదని నా అంచనా. నెలల పేర్లను తెలుగులో చూపడం, 12,34,567 అని లక్షల పద్ధతిలో కామాలు పెట్టడం బ్రౌజర్‌లోని ఇంటల్ సదుపాయమే చేసిపెడుతుంది. తేదీ ఎంచుకోవడానికి బ్రౌజర్ సొంత గడి చాలు. బయటి క్యాలెండర్ లైబ్రరీ తీసుకుంటే మాత్రం ఒకటి గమనించండి: చాలా లైబ్రరీలు ఎంచుకున్న తేదీని మన సమయం ప్రకారం అర్ధరాత్రిగా ఇస్తాయి, దాన్ని అలాగే జేసన్ (వివరాలు పంపే ఒక అక్షర రూపం)గా సర్వర్‌కు పంపితే గ్రీనిచ్ సమయంలోకి మారి అయిదున్నర గంటలు వెనక్కి వెళుతుంది. ఫిబ్రవరి 10 నాటి కాటా ఫిబ్రవరి 9 ఖాతాలో పడుతుంది. తేదీని ఎప్పుడూ తేదీగానే, అక్షరాల రూపంలో పంపండి.

డబ్బుకు దశాంశాల లైబ్రరీ వెతుకుతున్నామని కూడా అన్నారు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందన్న భయం సరైనదే. కానీ బరువును గ్రాముల్లో, డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకుని, రూపాయలకు సర్దుబాటు ఎక్కడ చేయాలో ఒకేచోట నిర్ణయించుకుంటే ఆ లైబ్రరీ అవసరం రాదు.

ప్రతి చిన్న లైబ్రరీ తనతో పాటు మరికొన్నింటిని తెస్తుంది, వాటిలో ఏది ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు పంక్తుల కోడ్‌ను దాని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీల ఉమ్మడి గిడ్డంగి) నుంచి తీసేస్తే, దాని మీద పరోక్షంగా ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు (కోడ్‌ను యాప్‌గా తయారు చేసే పని) ఆగిపోయాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ బాధ్యతను దాని పాత నిర్వాహకుడు సహాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించాడు, ఆ వ్యక్తి ఒక బిట్‌కాయిన్ వాలెట్‌ను దోచే కోడ్ అందులోకి జొప్పించాడు. 2024లో పాలీఫిల్.ఐఓ (పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలను కోడ్‌గా అందించే సైటు) చిరునామా చేతులు మారాక, దాన్ని నేరుగా పేజీలో తగిలించుకున్న సైట్లకు దురుద్దేశంతో రాసిన కోడ్ వెళ్ళింది. రైతుల బ్యాంకు వివరాలు ఉండే యాప్ మీది. ప్యాకేజ్-లాక్ ఫైలును (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉంచేదాన్ని) గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) తప్పక ఉంచండి, సర్వర్ మీద ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఆ ఫైలులో ఉన్న వెర్షన్లనే తెచ్చే ఎన్‌పీఎం సీఐ వాడండి, లైబ్రరీ ఫైళ్ళను ఎవరిదో చిరునామా నుంచి కాక మీ సర్వర్ నుంచే ఇవ్వండి. ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు డౌన్‌లోడ్ల సంఖ్య కన్నా, చివరి విడుదల ఎప్పుడు జరిగింది, ఫిర్యాదులకు నిర్వాహకులు ఏమని బదులిస్తున్నారు, దాని కింద ఇంకెన్ని ప్యాకేజీలు వేలాడుతున్నాయి అన్నవి చూడండి.

లైసెన్సుల గురించి క్లుప్తంగా: వ్యూ, స్వెల్ట్, జేక్వెరీ, చార్ట్.జేఎస్ ఎంఐటీ లైసెన్సులో (వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోనిచ్చేది) ఉన్నాయి. రియాక్ట్ కూడా 2017 సెప్టెంబరులో పేటెంట్ల షరతు మీద పెద్ద అభ్యంతరాలు వచ్చాక ఎంఐటీకి మారింది. హైచార్ట్స్ అనే చార్టుల లైబ్రరీని వ్యాపారానికి వాడాలంటే డబ్బు కట్టాలి. ఏజీ గ్రిడ్ అనే పట్టికల లైబ్రరీలో కొంత ఉచితం, కొంత డబ్బుకు. ఎక్సెల్ ఫైలుగా దించుకోవడం డబ్బు కట్టే భాగంలో ఉంది. వ్యాపారులు మొదట అడిగేది అదే.

ఏ లైబ్రరీ తీసుకున్నా రేపు దాన్ని వదిలించుకోవలసి రావచ్చు, కాబట్టి ఆ దారి ఇప్పుడే తెరిచి ఉంచండి. నికర బరువు, కమీషన్, రైతుకు చెల్లింపు లెక్కించే కోడ్‌ను వ్యూ ఫైళ్ళలో రాయకండి. ఏ లైబ్రరీ పేరూ తెలియని మామూలు జావాస్క్రిప్ట్ ఫంక్షన్లుగా వేరే ఫోల్డరులో ఉంచి, మీ పెద్దాయన దగ్గరున్న పాత చీటీల అంకెలతోనే వాటికి పరీక్షలు రాయండి. చార్టును, తేదీని, పీడీఎఫ్‌ను పిలిచే కోడ్ కూడా ఒక్కొక్కటి ఒక్కొక్క ఫైలులోనే ఉండాలి. అప్పుడు చార్టు లైబ్రరీ మార్చాలంటే ఒక ఫైలు మారుతుంది, వ్యూ నుంచి రియాక్ట్‌కు వెళ్ళాలన్నా స్క్రీన్లు తిరగ రాస్తారు గాని లెక్కల జోలికి పోరు.

వెర్షన్లు పెంచే పని గురించి కూడా ముగ్గురూ ఒక మాట అనుకోండి. యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా భద్రతకు సంబంధించిన సవరణలు తప్ప ఏ లైబ్రరీనీ కదపవద్దు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు పెద్ద వెర్షన్ మార్పులు పెట్టుకోండి, కొత్త పంట రావడానికి ముందే గుమస్తాల చేత నాలుగైదు పాత లాట్లు మళ్ళీ ఎక్కించి, వచ్చిన చీటీలను పాత చీటీలతో పోల్చి చూడండి.